యూరప్‌లో అద్దె గదికి కాదు, మంచానికి

యూరప్‌లో హాస్టలంటే చదువుకునే పిల్లల వసతిగృహం కాదు, బాటసారుల సత్రం వంటిది. 1909లో పిల్లలతో కాలినడకన యాత్రకు వెళ్లి గాలివానలో చిక్కుకున్న జర్మన్ ఉపాధ్యాయుడు రిచర్డ్ షిర్మన్, ఒక బడిలో గడ్డిపై తలదాచుకున్న రాత్రే ఈ ఆలోచన పుట్టింది.

ఒకే గదిలో పలువురు పడుకుంటారు. చాలాచోట్ల స్త్రీలకు విడిగా గదులుంటాయి. తొలిసారి వెళ్లేవారు అద్దె ఒక్కటే చూడరాదు. ఊరవతల చౌకగా దొరికినా, రోజూ రైలు చార్జీలు ఆ మిగులును మింగేస్తాయి. తువ్వాలు కిరాయి, ఊరి పన్ను కొన్నిచోట్ల అదనం. వంటగది ఉంటే అన్నం వండుకుని తిండి ఖర్చు తగ్గించుకోవచ్చు. సామాను పెట్టెకు తాళంకప్ప వెంట తీసుకెళ్లడం మంచిది.

షెంజెన్ వీసాకు బస ఆధారం చూపాలి. వీసా రాకుంటే కట్టిన సొమ్ము మునిగిపోతుంది. కనుక రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిచ్చే చోటే మంచం ఖాయం చేసుకోవడం క్షేమం.