తుక్కాదేవి కథ – దాని పెరుగుదల

చారిత్రక ప్రణయకథ దీర్ఘమగుకొలది అందలి సంభావ్యత సన్నగిల్లుట అన్ని దేశములందును కానవచ్చు లక్షణము. జపానునందు 1972లో ఇకెడా రియోకో ఆరంభించిన ‘వెర్సాయి గులాబి’ అను చిత్రకథామాలికలో మేరీ ఆంత్వానెత్ రాణి చారిత్రక వ్యక్తి. పురుషునివలె పెరిగి రాజరక్షక దళమును నడపిన ఆస్కార్ కల్పిత పాత్ర. చరిత్ర మౌనము వహించినచోట కల్పన ప్రవేశించుచున్నది. మార్కాపురము, గిద్దలూరుల నడుమనున్న కంభమున ప్రచారమందున్న తుక్కాదేవి కథయు ఇట్టిదే. ఇది ఏకకర్తృకము కాదు. తరతరములవారు తమతమ భాగములు చేర్చిన మాలిక. ఆ భాగములను వరుసగా పరిశీలింతము.

మొదటి భాగము మిక్కిలి పొట్టిది. కృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని గైకొనెను. పిమ్మట ప్రతాపరుద్ర గజపతి సంధి చేసికొని కూతునిచ్చెననియు, రాయలు నదికి ఆవలి సీమను తిరిగి యిచ్చెననియు పోర్చుగీసువాడైన నూనిజ్ సుమారు 1535లో వ్రాసెను. ఇందు ప్రణయము లేదు. రాజనీతి మాత్రమే కలదు.

రెండవ భాగము రాయవాచకము. ఇది సంఘటనలకు ఎనుబది యేండ్ల తరువాతిదని పండితుల అభిప్రాయము. ఇందు అప్పాజీ పన్నిన లేఖల తంత్రమున గజపతి తన పదునారుగురు పాత్రులను శంకించి పలాయనము చేయును. యుద్ధము కథగా మారినది.

మూడవది జనశ్రుతి. పెండ్లినాటి రాత్రి వధువు కత్తి దాచుకొన్నదట. రాయలు ఆమెను విడనాడెనట. ఆమె కంభము చేరి ‘తుక్కాపంచకము’ అను అయిదు సంస్కృత శ్లోకములు చెప్పినదట. గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేయించి చెరువు నిర్మించినదట. ఆమె పేరును ఒకచోట జగన్మోహిని, ఒకచోట తుక్క, చెరువు కథలో వరదరాజమ్మ. వీరందరు ఒక్కరేయని నమ్ముటకు పేర్ల పోలికయైనను లేదు.

ఇందలి పొసగమి స్పష్టము. ప్రాణము తీయబూనిన స్త్రీకి రాజు ఇంతటి సీమపై అధికార మిచ్చునా? పరిత్యక్తకు రెండు కొండల నడుమ కట్ట వేయించుటకు చాలిన ధనమెక్కడిది? శ్లోకములా, అన్యాపదేశములు; అందు చెప్పబడినది తుమ్మెదను గూర్చి, రాయలను ఊహించుకొనువారు పాఠకులు.

అయినను ప్రతి కల్పనయు ఒక ప్రశ్నకు సమాధానముగనే పుట్టినదని మా అభిప్రాయము. శ్లోకములలోని దుఃఖమునకు కారణము కావలసివచ్చెను, విడనాడుట చేరినది. విడనాడుటకు హేతువు కావలసివచ్చెను, కత్తి చేరినది. ఇంతటి చెరువునకు కర్త కావలసివచ్చెను, రాణి చేరినది.

కావున అసంభావ్యమని కథనంతను త్రోసివేయుట తగదు. అంతయు చరిత్రయని గ్రహించుటయు తగదు. చెరువు కథ ఒక స్త్రీకి కృతజ్ఞత తెలుపుచున్నది. కత్తి కథ సాక్ష్యము లేక ఆమెపై హత్యాదోషము మోపుచున్నది. ఈ రెండింటిని ఒకే త్రాసున తూచరాదు. అంతర్జాతీయ నీటిపారుదల సంఘము 2020లో వారసత్వ కట్టడముగా గుర్తించిన ఆ చెరువు మాత్రము కథ కాదు. దానిని కట్టించిన పేరు వివాదగ్రస్తము. రాళ్లు మోసిన కూలీల పేర్లు ఏ భాగమునకును ఎక్కలేదు.