రక్తపింజరికి రస్సెల్ పేరు

అమరావతి చుట్టుపక్కల పత్తి చేలల్లో, మిరప కల్లాల దగ్గర పనిచేసేవాళ్లకు రక్తపింజరి కొత్త కాదు. గోధుమరంగు ఒంటి మీద నల్లంచు మచ్చలు మూడు బారులుగా ఉంటాయి. బుస కొడితే కుక్కర్ ఆవిరి వదిలినట్టుంటుంది. ఎలుక ఉన్నచోటికల్లా వస్తుంది. శాస్త్రం దీన్ని రస్సెల్స్ వైపర్ అంటుంది. ఆ రస్సెల్ మన తీరంలోనే పనిచేసిన మనిషి.

ప్యాట్రిక్ రస్సెల్ ఎడిన్‌బరోలో పుట్టిన వైద్యుడు. సిరియాలోని అలెప్పోలో ప్లేగు వైద్యుడిగా పేరు తెచ్చుకున్నాడు. సోదరుడు క్లాడ్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం మీద విశాఖపట్నం వస్తుంటే తోడుగా వచ్చాడు. అప్పటికే ప్యాట్రిక్‌కు యాభై ఏళ్లు దాటాయి. 1785లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ కాకినాడ జగన్నాథపురంలో చనిపోగా, కంపెనీ ఆయన చేస్తున్న కొలువును రస్సెల్‌కిచ్చింది. అది మొక్కల కోసం పెట్టిన కొలువు. ఆయన మనసు మాత్రం పాముల మీదికి పోయింది.

ఏది విషసర్పం, ఏది కాదు? ఎవరైనా పోల్చుకునేలా చెప్పడం ఎలా? ఇదే ఆయన పట్టుకున్న ప్రశ్న. కోరలు పరీక్షించాడు, పొట్ట కింది పొలుసులు లెక్కపెట్టాడు. కోళ్లకూ కుక్కలకూ కాటు వేయించి ఏ లక్షణం ఎప్పుడు మొదలైందో రాసిపెట్టాడు. ఆ మూగజీవాల బాధ తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. విరుగుడుగా పేరుపడ్డ తంజావూరు మాత్రల్ని కూడా ఊరికే నమ్మలేదు, పరీక్షకు పెట్టాడు.

1796లో కోరమాండల్ తీరపు పాముల మీద ఆయన పుస్తకం రంగు బొమ్మలతో లండన్‌లో అచ్చయింది. అందులో ఈ పాము పేరు ‘కాటుక రేకుల పొడ’. మనవాళ్లు చెప్పిన పేరే. మరుసటి ఏడాదే యూరప్ శాస్త్రజ్ఞులు దానికి రస్సెల్ పేరు పెట్టారు. కాటుక రేకుల పొడ అని ఆయనకు చెప్పినవాళ్లకు ఆ గౌరవంలో వాటా దక్కలేదు. ఇది అన్యాయమే.

పాముకాటుకు అసలైన విరుగుడు మందు మాత్రం ఆ పుస్తకం వచ్చిన దాదాపు వందేళ్లకు, 1890లలో గానీ రాలేదు. రక్తపింజరి విషం నెత్తురును గడ్డకట్టించే పదార్థాలను వాడేస్తుంది. ఆ తర్వాత రక్తస్రావం ఆగదు, మూత్రపిండాలూ దెబ్బతింటాయి. అందుకే ఆసుపత్రిలో కాస్త నెత్తురు గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, రంపపు పొలుసుల చిన్న పింజరి, ఈ నాలుగింటికీ కలిపి చేసిన సీరం ఎక్కిస్తారు.

2000-2019 మధ్య దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుకు బలయ్యారని అంచనా. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. పాము కరిస్తే తాడు బిగించకండి, గాటు పెట్టకండి, నోటితో పీల్చకండి, మంత్రగాడి కోసం ఆగకండి. కరిచిన కాలు కదలకుండా చూసి 108కి ఫోన్ చేయండి.