సీ ప్రోగ్రామ్‌లో స్కాన్‌ఎఫ్ రెండో ఇన్‌పుట్ కోసం ఎందుకు ఆగదు?

జూనియర్లు నన్ను ఎక్కువగా అడిగే డౌట్ ఇది. మాది బనగానపల్లె కాబట్టి ఉదాహరణ మామిడితోనే చూద్దాం. ప్రోగ్రామ్ ముందు "ఎన్ని పెట్టెలు?" అని, తర్వాత "గ్రేడ్ ఏ నా, బీ నా?" అని అడగాలి. మీరు 25 కొట్టి ఎంటర్ నొక్కగానే రెండో ప్రశ్న ఆగకుండా దాటిపోతుంది. గ్రేడ్ లేకుండా సేవ్ అయితే బిల్లులో రేటు తప్పుతుంది.

అసలేం జరుగుతోంది?

ఎంటర్ నొక్కేదాకా టెర్మినల్ ఆ లైన్‌ను తన దగ్గరే ఉంచుకుంటుంది. నొక్కాక 2, 5, న్యూలైన్ అనే 3 క్యారెక్టర్లు ప్రోగ్రామ్‌కు అందుతాయి. పర్సంట్ డి ఉన్న స్కాన్‌ఎఫ్ 25 తీసుకుని, న్యూలైన్‌ను బఫర్‌లోనే వదిలేస్తుంది. తర్వాతి పర్సంట్ సి కి న్యూలైన్ కూడా ఒక క్యారెక్టరే. దాన్నే గ్రేడ్ అనుకుని చదివేస్తుంది.

ఏం చేయాలి?

1. పర్సంట్ సి ముందు ఒక స్పేస్ పెట్టండి. మిగిలిపోయిన న్యూలైన్లు, స్పేస్‌లు దాటేస్తుంది.

2. ఎఫ్‌ఫ్లష్‌ను ఎస్‌టీడీఇన్ మీద వాడొద్దు. అది అవుట్‌పుట్ కోసం ఉన్న ఫంక్షన్. ఇన్‌పుట్ మీద వాడితే ఏం జరగాలో సీ స్టాండర్డ్ చెప్పలేదు. ఒక కంపైలర్‌లో పనిచేసింది ఇంకోదాంట్లో చేయకపోవచ్చు.

3. స్కాన్‌ఎఫ్ రిటర్న్ వాల్యూ చెక్ చేయండి. ఎవరైనా 25 బదులు "పాతిక" అని కొడితే 0 వస్తుంది, అక్షరాలు బఫర్‌లోనే ఉంటాయి. లూప్‌లో మళ్లీ మళ్లీ చదివితే ప్రోగ్రామ్ ఇక ఆగదు.

4. నా ఓటు మాత్రం ఎఫ్‌గెట్స్‌కే. లైన్ మొత్తం చదివి, ఎస్‌స్కాన్‌ఎఫ్‌తో విడదీయండి. తప్పు టైప్ చేసినా ఆ లైన్ అక్కడితో అయిపోతుంది, మళ్లీ అడగొచ్చు. అర్రే సైజు మాత్రం లైన్‌కు సరిపడా ఇవ్వండి, లేదంటే మిగతా ముక్క తర్వాతి ప్రశ్నకు జవాబుగా వెళ్తుంది.