పెట్టెలో వచ్చే చైనా బండి: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో రెండు వేల డాలర్ల చుట్టుపక్కల కొత్త మోటార్‌సైకిల్ దొరుకుతుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. హోండా గ్రోమ్ లాంటి 125 సీసీ పిల్లబండికే అక్కడ దాదాపు మూడున్నర వేల డాలర్లు పెట్టాలి మరి. చైనా నుంచి దిగుమతయ్యే 125, 250 తరగతి బళ్లకు గిరాకీ అందుకే. ఇక్కడ స్ప్లెండరో పల్సరో నడిపి, చదువుకో ఉద్యోగానికో అక్కడికి వెళ్లిన మనవాళ్ల చూపు కూడా వాటి మీద పడుతుంది. సలహా అడిగితే మాత్రం రెండే మాటలు వినిపిస్తాయి. ఒకరు ‘డొక్కు సరుకు, జోలికి పోకు’ అంటారు. ఇంకొకరు ‘హోండా ఇంజనే, కళ్లు మూసుకుని కొను’ అంటారు. రెండు మాటల్నీ కాస్త విప్పి చూద్దాం.

అపోహ: చైనా ఇంజన్ కాబట్టి ఏడాది తిరక్కుండానే మూలన పడుతుంది.

వాస్తవం: ఈ బళ్లలో చాలావాటి ఇంజన్లకు మూలం హోండా 1976లో తెచ్చిన సీజీ 125. నిర్వహణ సరిగా జరగని దేశాల్లోనూ నిలబడాలని దాన్ని రూపొందించారు. అందులో క్యామ్ చైన్ లేదు. క్యామ్‌ను గేరు తిప్పుతుంది, వాల్వులను పుష్‌రాడ్లు కదిలిస్తాయి. సాగిపోయే చైను లేకపోతే దాని వల్ల వచ్చే మరమ్మతూ లేదు. పాకిస్తాన్‌లో సీజీ 125 ఈనాటికీ రోడ్ల మీద కనిపిస్తుంది. చైనా కర్మాగారాలు పనితనం తెలియనివి కూడా కావు: బీఎండబ్ల్యూ సీ 400 ఎక్స్ స్కూటర్‌ను తయారుచేసేది చైనాలోని లోన్సిన్ సంస్థే. చవక బండిలో డబ్బు మిగుల్చుకునేది ఇంజన్ చుట్టూ ఉన్న వాటిలో: చైను, టైర్లు, వైర్ల కనెక్టర్లు, కేబుళ్లు, బోల్టులు. తొందరగా తేడా చేసేవీ అవే.

అపోహ: కొత్త బండే కదా, పెట్టె విప్పి పెట్రోలు పోసి తోలేయొచ్చు.

వాస్తవం: ఈ బళ్లు ఇనుప చట్రంలో సగం విడదీసి వస్తాయి. ముందు చక్రం, హ్యాండిల్, అద్దాలు, బ్యాటరీ కొన్నవాళ్లే బిగించుకోవాలి. మన దగ్గర షోరూంలో మెకానిక్ చేసి ఇచ్చే డెలివరీ తనిఖీ వీటికి ఎవరూ చేయరు. ధర తక్కువ కావడానికి అదీ ఒక కారణం. అందుకని కర్మాగారంలో బిగించిన వాటిని కూడా ఒకసారి చూసుకోవాలి. రెండు ఇరుసుల నట్లు, బ్రేక్ క్యాలిపర్ బోల్టులు, హ్యాండిల్ క్లాంపులు, ఇంజన్‌ను చట్రానికి పట్టి ఉంచే బోల్టులు, చక్రాల పుల్లలు తప్పనిసరి. బ్యాటరీని పూర్తిగా చార్జి చేశాకే మొదటిసారి స్టార్ట్ చేయాలి. కొంత దూరం తిరిగాక పుల్లలు, చైను మళ్లీ వదులవుతాయి, ఇంకోసారి సరిచేయాలి. చైను మరీ త్వరగా సాగుతుంటే అదే నంబరులో మంచి కంపెనీది వేసుకోవడం మేలు.

అపోహ: బోల్టు ఎంత గట్టిగా బిగిస్తే అంత భద్రం.

వాస్తవం: ఆయిల్ డ్రెయిన్ బోల్టు, స్పార్క్ ప్లగ్ కూర్చునేది అల్యూమినియంలో. బలమంతా పెట్టి పానా తిప్పితే మర కొట్టుకుపోతుంది, పది నిమిషాల ఆయిల్ మార్పిడి కాస్తా పెద్ద ఖర్చుకు దారితీస్తుంది. టార్క్ రెంచి కొనుక్కుని మాన్యువల్‌లో ఇచ్చిన అంకె వరకే బిగించాలి. అదురుకు వదులయ్యే చోట నీలిరంగు థ్రెడ్‌లాకర్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) చుక్క వేస్తే చాలు.

అపోహ: ట్యాంకు మీద 250 అని ఉంటే ఇంజన్ 250 సీసీదే.

వాస్తవం: అమెరికాలో బాగా అమ్ముడైన హాక్ 250, సీఎస్‌సీ టీటీ 250 బళ్లలో ఉన్నది 229 సీసీ ఇంజన్. సిలిండర్ వ్యాసం 67 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 65 మిల్లీమీటర్లు. లెక్క కడితే 229 వస్తుంది. 250 అన్నది తరగతి పేరు మాత్రమే. మోడల్ పేరును వదిలేసి, స్పెసిఫికేషన్ల పట్టికలో అసలు సీసీ ఎంతో చూసుకోవాలి.

అపోహ: స్పేర్లు దొరకవు.

వాస్తవం: బండి పేరుతో వెతికితే దొరక్కపోవచ్చు, ఇంజన్ మీద పోతపోసిన కోడ్‌తో వెతికితే దొరుకుతాయి. ఉదాహరణకు 156 ఎఫ్‌ఎంఐ అని ఉందనుకోండి. మొదటి 1 అంటే ఒకే సిలిండర్. 56 అంటే సిలిండర్ వ్యాసం, మిల్లీమీటర్లలో. ఎఫ్ అంటే గాలితో చల్లబడేది. ఎం అంటే మోటార్‌సైకిల్. చివరి ఐ 125 సీసీ తరగతిని చెబుతుంది. అలాగే 162 ఎఫ్‌ఎంజే 150 తరగతి, 167 ఎఫ్‌ఎంఎం 250 తరగతి. పది పేర్లతో అమ్మే బళ్లలో ఒకే కుటుంబం ఇంజన్ ఉంటుంది కాబట్టి పిస్టన్, గ్యాస్కెట్, క్లచ్ ప్లేట్లు చాలావరకు కుదురుతాయి. అయినా ఆర్డరిచ్చే ముందు పాత భాగాన్ని కొలిచి సరిపోల్చుకోవాలి. చిక్కు వచ్చేది ప్లాస్టిక్ కవర్లు, ట్యాంకు, సీటు లాంటి వాటితో. అవి బండి బండికీ మారిపోతాయి.

అపోహ: ఇంజన్ ఆయిల్ ఏదైనా ఒకటే, కారుకు తెచ్చింది మిగిలితే ఇందులో పోయొచ్చు.

వాస్తవం: ఈ బళ్లలో ఇంజన్‌కూ, గేర్లకూ, క్లచ్‌కూ కలిపి ఒకటే ఆయిల్. కారు ఆయిళ్లలో, ముఖ్యంగా 0డబ్ల్యూ–20, 5డబ్ల్యూ–30 రకాల్లో, రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు. వాటితో క్లచ్ ప్లేట్లు జారే ప్రమాదం ఉంది. డబ్బా మీద జాసో ఎంఏ (ఆయిల్‌లో తడిసే క్లచ్‌కు తగిన ప్రమాణం) అని ఉన్నది తీసుకోవాలి. సింథటిక్ పోస్తే క్లచ్ జారుతుందన్న భయం మాత్రం ఉత్తదే. జాసో ఎంఏ గుర్తున్న సింథటిక్ నిక్షేపంగా వాడొచ్చు. ఇంకో సంగతి: ఈ ఇంజన్లలో చాలావాటికి కారులో ఉండే కాగితపు ఫిల్టర్ ఉండదు, తీగ జల్లెడే ఉంటుంది. సన్నటి ఇనుప రజను దానిలోంచి దాటిపోతుంది. కాబట్టి మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోనే ఒకసారి, ఆ తర్వాత కారు కంటే తరచుగా ఆయిల్ మార్చాలి. పట్టేది లీటరు చుట్టుపక్కలే, పెద్ద ఖర్చేమీ కాదు.

అపోహ: ట్యాపెట్ల శబ్దం లేకపోతే ఇంజన్ బాగున్నట్టే.

వాస్తవం: సన్నటి టిక్ టిక్ శబ్దం గాలి చల్లార్చే ఇంజన్లకు సహజం. భయపడాల్సింది ఆ శబ్దం మెల్లగా మాయమైనప్పుడు. వాల్వు కూర్చునే పీట అరిగే కొద్దీ వాల్వు పైకి జరుగుతుంది, ట్యాపెట్ సందు తగ్గుతుంది. సందు పూర్తిగా పోతే వాల్వు గట్టిగా మూసుకోదు. దాని వేడి పీటలోకి దిగే దారి ఉండదు, అంచు కాలిపోతుంది. ఇంజన్ స్టార్ట్ కావడానికి మొరాయిస్తే దీన్ని కూడా అనుమానించాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాక, సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి, మాన్యువల్‌లో చెప్పిన కొలతకు మరను తిప్పి లాక్ నట్ బిగించడమే చికిత్స. రెండు వాల్వులే, కవర్ తీస్తే చేతికి అందుతాయి. అలవాటైతే గంట పని కూడా కాదు.

అపోహ: చలికాలం ఆగిన బండి స్టార్ట్ కాకపోతే కార్బ్యురేటర్ మార్చాల్సిందే.

వాస్తవం: అమెరికా పెట్రోలులో ఎక్కువ భాగం పది శాతం వరకు ఇథనాల్ కలిపినదే. ఇథనాల్ తేమను పీలుస్తుంది. వారాల తరబడి బండి ఆగితే కార్బ్యురేటర్ తొట్టిలోని పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది. సూదిమొనంత రంధ్రం ఉన్న పైలట్ జెట్ ముందు మూసుకుపోతుంది. చోక్ వేస్తేనే నడిచి, తీయగానే ఆగిపోయే బండికి జబ్బు ఇదే. జెట్ విప్పి కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టి, గాలి ఊదితే సరిపోతుంది. తీగతో పొడవకూడదు, రంధ్రం పెద్దదవుతుంది. అసలు ఆ స్థితి రాకుండా ఉండాలంటే బండిని మూలన పెట్టే ముందు పెట్రోలు ట్యాప్ కట్టేసి తొట్టి ఖాళీ చేయాలి. మన దేశంలోనూ ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది కాబట్టి, ఇంటి దగ్గర పాత కార్బ్యురేటర్ బండి ఉంచుకున్నవారికీ ఈ జాగ్రత్త పనికొస్తుంది.

అపోహ: డబ్బు కట్టి బిల్లు తెచ్చుకుంటే నంబరు ప్లేటు వచ్చేస్తుంది.

వాస్తవం: బిల్లు ఒక్కటే చాలదు. తయారీదారు ఇచ్చే మూలపత్రం ఉండాలి. దాని మీది పదిహేడు అక్షరాల విన్ (వాహన గుర్తింపు) నంబరు చట్రం మీది నంబరుతో సరిపోవాలి. చైనా బళ్ల విన్ ‘ఎల్’తో మొదలవుతుంది. చట్రం మీద అమెరికా పర్యావరణ సంస్థ (ఈపీఏ) ఉద్గారాల లేబుల్ కూడా చూసుకోవాలి. కాలిఫోర్నియాలో నిబంధన ఇంకా కఠినం: 7,500 మైళ్ల లోపు తిరిగిన బండికి ఆ రాష్ట్ర ప్రమాణాల లేబుల్ లేకపోతే సాధారణంగా అక్కడి నివాసి పేర రిజిస్టర్ చేయరు. ‘ఆఫ్ రోడ్’ కోసమే ధ్రువీకరించిన బండికి లైటు, ఇండికేటర్లు తగిలించినంత మాత్రాన అది రోడ్డు బండి అయిపోదు.

అపోహ: చిన్న బండికి లైసెన్సు అక్కర్లేదు, ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు.

వాస్తవం: 125 సీసీ బండి నడపాలన్నా మోటార్‌సైకిల్ లైసెన్సు కావాలి, కారు లైసెన్సు సరిపోదు. ఇక ఫ్రీవే సంగతి రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియా 150 సీసీ కంటే తక్కువ బళ్లను వేరే వర్గంగా చూస్తుంది, ఫ్రీవే ఎక్కే చోట వాటిని నిషేధించే బోర్డులు ఉంటాయి. చట్టం ఒప్పుకున్న చోట కూడా, గంటకు 70 మైళ్ల వేగంతో పోయే ట్రక్కుల మధ్య 125 సీసీ బండికి తప్పించుకునే శక్తి ఉండదు. ఊళ్లో వీధులు, పల్లె రోడ్లు దాని చోటు.

మన ఊళ్లో ఏ సందు మలుపులోనైనా ఒక మెకానిక్ షెడ్డు ఉంటుంది. అమెరికాలో గంటకు ఇంత అని కూలీ, పైగా ఈ బళ్లంటే చేయి పెట్టని షాపులే ఎక్కువ. కాబట్టి చేతికి గ్రీజు అంటితే ఇబ్బంది లేనివారు, వారానికో గంట బండి పక్కన కూర్చోగలిగినవారు దీన్ని నిరభ్యంతరంగా కొనుక్కోవచ్చు. ఆ ఓపిక లేనివారు అదే డబ్బుకు, బాగా చూసుకున్న పాత జపాన్ బండి వెతుక్కోవడం మంచిది. ఏది కొన్నా ఒకటి మరవద్దు: మొదటి బిల్లులో బండితోపాటు హెల్మెట్, టార్క్ రెంచి, ఫీలర్ గేజ్, లీటరు మంచి ఆయిల్ కూడా ఉండాలి.