విద్యుత్ ద్విధ్రువం, అయస్కాంత ద్విధ్రువం: అన్యోన్య చర్య

ఈ భాగం చదివిన తరువాత, ఈ రెండు ద్విధ్రువాల మధ్య బలం ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు ఉండదో మీరు వివరించగలుగుతారు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత విద్యార్థులకు వడ్ల కొనుగోలు కేంద్రం కొత్త కాదు. అక్కడ తేమ 17 శాతం మించితే రైతు వడ్లను మళ్ళీ ఆరబోయాలి. ఆ అంకెను చూపే మీటరు విద్యుత్ ద్విధ్రువాల మీద ఆధారపడుతుంది. అవే వడ్లు రైస్ మిల్లుకు చేరాక, వాటిలోని ఇనుప ముక్కలను పట్టేది అయస్కాంత ద్విధ్రువం. మరి మీటరు పక్కన అయస్కాంతం ఉంచితే తేమ రీడింగు మారుతుందా?

1. ఒకే రకం ద్విధ్రువాలు

నీటి అణువులో ఆక్సిజన్ వైపు ఋణావేశం, హైడ్రోజన్ల వైపు ధనావేశం ఉంటాయి. దాని ద్విధ్రువ భ్రామకం సుమారు 6.2 × 10⁻³⁰ కూలుంబు-మీటర్లు. విద్యుత్ క్షేత్రంలో అది క్షేత్ర దిశకు తిరగజూస్తుంది. అందుకే నీటి రోధక స్థిరాంకం సుమారు 80. ఎండు గింజకు చాలా తక్కువ. కెపాసిటర్ తరహా మీటరు ఈ తేడాను బట్టే తేమను లెక్కిస్తుంది.

రెండు విద్యుత్ ద్విధ్రువాల మధ్య గానీ, రెండు అయస్కాంత ద్విధ్రువాల మధ్య గానీ బలం దూరపు నాలుగవ ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. దూరం రెట్టింపైతే బలం 16వ వంతు అవుతుంది.

2. భిన్న రకం ద్విధ్రువాలు

విద్యుత్ ద్విధ్రువం అంటే రెండు ఆవేశాల జంట. నిశ్చలావేశంపై అయస్కాంత బలం శూన్యం. కాబట్టి రెండూ నిశ్చలంగా ఉంటే వాటి మధ్య బలమూ లేదు, టార్కూ లేదు. గింజలోని అణువుల ఉష్ణ చలనం అన్ని దిశల్లోనూ ఉంటుంది గనుక దాని సగటు ఫలితం శూన్యమే.

ఒకటి కదిలితే సంగతి మారుతుంది. అయస్కాంత క్షేత్రంలో కదిలే ద్విధ్రువానికి, వేగం, అయస్కాంత క్షేత్రాల సదిశా లబ్ధం ఒక విద్యుత్ క్షేత్రంలా పనిచేస్తుంది.

ఉదాహరణ: 0.1 టెస్లా క్షేత్రానికి లంబంగా వడ్లు సెకనుకు 2 మీటర్ల వేగంతో జారితే, ఆ క్షేత్రం 0.1 × 2 = 0.2 వోల్టు/మీటరు. 1 సెంటీమీటరు ఎడంలో ఉన్న పలకల మధ్య 1 వోల్టు ఇస్తే వచ్చేది 100 వోల్టులు/మీటరు. అంటే మొదటిది రెండవదానిలో 500వ వంతు మాత్రమే.

సారాంశం

అయస్కాంతత్వం వల్ల తేమ రీడింగు మారదు. పలకలకు మరీ దగ్గరగా ఉంచితే, లోహం కాబట్టి కొంత మార్చవచ్చు. మామూలు ఇనుప ముక్క కూడా అంతే చేస్తుంది. ఒకే రాశికి రెండు రీడింగులు వస్తే గింజల ఉష్ణోగ్రతను, నమూనాను బాగా కలిపారా లేదా అన్నదాన్ని చూడండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

పై ఉదాహరణలో వడ్లు క్షేత్రానికి సమాంతరంగా జారితే ఫలితం ఎంత? ఎందుకు?