టెస్ట్ ఆన్ చేస్తే కోడ్ కూడా ఆన్ అయిపోవాలా? లైనక్స్ కెర్నెల్ క్రిప్టో టెస్టులు

మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉందంటే, లోపల లైనక్స్ కెర్నెల్ నడుస్తున్నట్టే. మీ ఫోటోలు, చాట్‌లు స్టోరేజ్‌లో ఎన్‌క్రిప్ట్ అయి ఉండేలా చూసేది అదే. అక్కడ లెక్క తప్పితే ఫైల్ మళ్లీ తెరుచుకోదు. లేదంటే తాళం వేసినట్టే కనిపిస్తుంది, కానీ పడి ఉండదు. రెండోదే ఎక్కువ ప్రమాదం.

అందుకే కెర్నెల్‌లో సెల్ఫ్ టెస్టులు పెట్టారు. బంగారం కొట్లో కాటా చెక్ చేస్తారు కదా, అలాంటిదే. 10 గ్రాముల రాయి పెడితే 10 గ్రాములే చూపించాలి. ఇక్కడ కూడా ఎస్‌హెచ్‌ఏ-256 లాంటి అల్గారిథమ్‌కి జవాబు ముందే తెలిసిన ఇన్‌పుట్ ఇస్తారు. జవాబు అక్షరం తేడా లేకుండా అదే రావాలి.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. కెర్నెల్ బిల్డ్ చేసేటప్పుడు ఏ కోడ్ ఉండాలి, ఏది వద్దు అనేది కేకాన్‌ఫిగ్ ఫైళ్లలో ఉంటుంది. అందులో రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. 'డిపెండ్స్ ఆన్' అంటే, ఆ కోడ్ ఉంటేనే నేను వస్తాను అని. 'సెలెక్ట్' అంటే, నేను వస్తే ఆ కోడ్‌ని కూడా లాక్కొస్తాను అని.

టెస్ట్ రాసేవాళ్లకి సెలెక్ట్ చాలా సుఖంగా అనిపిస్తుంది. ఒక్క ఆప్షన్ నొక్కితే చాలు, అన్నీ వచ్చేస్తాయి. కానీ ఆలోచించండి: తూకం చెక్ చేయడానికి వచ్చిన ఇన్‌స్పెక్టర్ తన కాటా తనే తెచ్చి కొట్లో పెట్టి, "బాగుంది" అని రాసిచ్చి వెళ్తే ఎలా ఉంటుంది? మీ కెర్నెల్‌లో లేని అల్గారిథమ్ టెస్ట్ కోసం వచ్చి కూర్చుంటుంది. మీరు పరీక్షించిన కెర్నెల్ ఒకటి, జనం వాడేది ఇంకొకటి.

ఇంకో చిక్కు కూడా ఉంది. సెలెక్ట్ తాను లాక్కొచ్చే కోడ్‌కి ఇంకేం కావాలో చూడదు. దాంతో బిల్డ్ మధ్యలో విరిగిపోవచ్చు. అందుకే కేయూనిట్ టెస్టుల విషయంలో నేను చెప్పే సూత్రం ఇది: పరీక్షించాల్సిన కోడ్‌కి డిపెండ్స్ ఆన్ వాడండి. సెలెక్ట్‌ని టెస్ట్‌కి కావాల్సిన చిన్న సహాయక కోడ్ వరకే ఉంచండి.

మరి డిపెండ్స్ ఆన్‌కి నష్టం లేదా? ఉంది. కోడ్ ఆఫ్‌లో ఉంటే టెస్ట్ చప్పుడు లేకుండా మాయమవుతుంది. రిపోర్ట్‌లో ఫెయిల్ కనపడదు, మనం పాస్ అయిందనుకుంటాం. నడవని టెస్ట్ పాస్ అయిన టెస్ట్ కాదు ఫ్రెండ్స్!

దీనికి మందు కేయూనిట్ కాన్‌ఫిగ్ ఫైల్. టెస్ట్‌నీ, దానికి కావాల్సిన ఆప్షన్లనీ అందులో పేరుపేరునా రాయండి. కేయూనిట్ టూల్‌తో నడిపితే, మీరు అడిగిన ఆప్షన్ ఒక్కటి రాకపోయినా అది అక్కడే ఆగి, ఏది రాలేదో చెప్తుంది. రిపోర్ట్ వచ్చాక ముందు ఎన్ని టెస్టులు నడిచాయో చూడండి, ఎన్ని పాసయ్యాయన్నది ఆ తర్వాత.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.