బస్సు దిగాక మిగిలే దూరం

‘అక్కడికి పోవాలంటే కారుండాలి కదా!’

చంద్లాపూర్ రంగనాయకసాగర్ మాటెత్తితే చాలు, హైదరాబాద్‌లో నాకు తెలిసిన ఆడవాళ్లలో సగానికి సగం మంది మొదట అనే మాట ఇదే. కారుంటే మాత్రం సరిపోతుందా? దాన్ని నడిపే మనిషికి ఆదివారం తీరిక దొరకాలి. ఆరోజు టీవీలో మ్యాచ్ ఉండకూడదు. ఆయనగారి స్నేహితులెవరూ ఫోన్ చేయకూడదు. ఇన్నీ కుదిరేసరికి ఎండాకాలం వచ్చేస్తుంది. ‘వచ్చే వానాకాలం చూద్దాంలే’ అనుకుంటూ మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోతాం.

ఆ అవసరం లేదండీ! సొంత బండి లేకుండా, ఎవరినీ బతిమాలకుండా చంద్లాపూర్ వెళ్లి చీకటి పడేలోపు ఇల్లు చేరొచ్చు. మా పెద్దమ్మగారి ఊరు కాబట్టి ఏడాదికి నాలుగుసార్లయినా వెళ్తుంటాను. బస్సులోనే ఎక్కువ. ఒకట్రెండుసార్లు రైల్లో కూడా వెళ్లాను.

ముందు ఊరి సంగతి రెండు మాటల్లో. సిద్దిపేట జిల్లా చిన్నకోడూరు మండలంలో ఉంటుంది చంద్లాపూర్. సిద్దిపేట నుంచి పది పన్నెండు కిలోమీటర్లు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చేదాకా ఇదంతా మెదక్ జిల్లానే. ఊరి దేవుడు రంగనాయకస్వామి. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో భాగంగా ఇక్కడ కట్టిన జలాశయానికి ఆయన పేరే పెట్టారు. 3 టీఎంసీల నీళ్లు పట్టే ఈ రిజర్వాయర్‌ను 2020 ఏప్రిల్ 24న, అంటే కరోనా లాక్‌డౌన్ నడుమ ప్రారంభించారు. అందుకే ఆరోజు జనం పెద్దగా లేరు. తర్వాత ఇళ్లలోంచి బయటికి రాగానే మొదట చూసొచ్చిన చోట్లలో ఇదీ ఒకటైంది. గోదావరి నీళ్లు సొరంగం గుండా వచ్చి, భూమి లోపలున్న పంపుహౌస్ మోటార్లతో పైకెక్కి ఇందులో పడతాయి. బోర్లు ఎండి, నీళ్ల ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టుకున్న ఆడవాళ్లకు కట్ట మీద నిలబడి అన్ని నీళ్లు ఒక్కచోట చూడటమంటే ఏమిటో వేరే చెప్పాలా? ఆ నీళ్ల కింద కొందరి పొలాలున్నాయన్న సంగతి కూడా ఊళ్లోవాళ్లు గుర్తుచేస్తారు. చూడ్డానికి వచ్చిన మనం ఆ మాట కూడా వినాలి.

సిద్దిపేట దాకా బెంగ లేదు

హైదరాబాద్ నుంచి సిద్దిపేట సుమారు వంద కిలోమీటర్లు. సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్‌లో, అదేనండీ మన జేబీఎస్‌లో, కరీంనగర్ వైపు వెళ్లే బస్సు ఏదెక్కినా సిద్దిపేట మీదుగా పోతుందా అని కండక్టర్‌ను ఒక్కమాట అడిగి ఎక్కండి. శామీర్‌పేట, ప్రజ్ఞాపూర్ మీదుగా రాజీవ్ రహదారి వెంట రెండున్నర గంటలు అటూఇటూగా పడుతుంది. విజయవాడ, గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్లు ఎంజీబీఎస్‌లో దిగితే సామాను మోసుకుని సిటీ బస్సుల వెంట పరుగెత్తనక్కర్లేదు. పక్కనే మెట్రో స్టేషన్ ఉంది. ఆకుపచ్చ లైను రైలెక్కితే నేరుగా జేబీఎస్ దగ్గర దింపుతుంది. 2020 ఫిబ్రవరిలో ఆ లైను వచ్చాక ఈ తిప్పలు చాలా తగ్గాయి.

ఇక మహాలక్ష్మి టికెట్టు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీలో ఆడవాళ్లకు, ఆడపిల్లలకు, ట్రాన్స్‌జెండర్లకు ప్రయాణం ఉచితం. ఊళ్లకు వెళ్లే బస్సుల్లో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లకు మాత్రమే ఇది వర్తిస్తుంది. డీలక్స్, సూపర్ లగ్జరీ, రాజధాని ఎక్కితే మామూలుగానే డబ్బులు కట్టాలి. బస్టాండులో ముందుగా వచ్చిందని సూపర్ లగ్జరీలో కూర్చుని, కండక్టర్ టికెట్టు అడిగినప్పుడు ‘మాకు ఫ్రీ కదా!’ అని వాదనకు దిగేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తుంటారు. బోర్డు చూసి ఎక్కితే ఆ గొడవే ఉండదు.

అసలు గుర్తింపు కార్డు చేతిలో ఉండాలి. ఫోన్‌లో ఫొటో, జిరాక్సు పనికిరావు. కార్డు మీద చిరునామా తెలంగాణదై ఉండాలి. పాత ఆధార్‌లో ఇంకా ‘ఆంధ్రప్రదేశ్’ అనే ఉంటే మార్పించుకోండి, ఎన్నాళ్లని వాయిదా వేస్తారు? డబ్బు కట్టకపోయినా ‘జీరో టికెట్టు’ అడిగి తీసుకోవాలి. అది లేకుండా కూర్చుంటే చెకింగ్‌లో ఇబ్బంది.

ఇందులో చిన్న తమాషా ఉంది. మా వదినది విజయవాడ. ఆమెతో కలిసి వెళ్తే ఒకే సీట్లో నాకు జీరో టికెట్టు, ఆమెకు డబ్బుల టికెట్టు. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో కూడా ‘స్త్రీశక్తి’ పేరుతో ఉచిత ప్రయాణం మొదలైంది కదా, ఇప్పుడు నేను అటు వెళ్తే టికెట్టు కొనుక్కోవాల్సింది నేనే. ‘లెక్క సరిపోయిందిలెండి’ అని నవ్వుతుంది వదిన.

అన్నట్టు, ఈ బస్సుల కథలో ఒక తల్లి పేరుందని మీకు తెలుసా? నిజాం రాజ్యంలో 1932లో రైల్వే శాఖ కింద 27 బస్సులతో ఈ రోడ్డు రవాణా మొదలైంది. ఆర్టీసీ బస్సు నంబర్లలో కనిపించే ‘జెడ్’ అక్షరం నిజాం తల్లి జెహ్రా బేగం పేరుమీద వచ్చిందని చెబుతారు. ఈసారి ఎక్కే ముందు నంబరు ప్లేటు చూడండి.

రైలు కావాలనుకునేవాళ్లకు అదీ ఉంది. సిద్దిపేటకు రైలు అనేది మా పెద్దమ్మ తరం వాళ్లకు ఒక కల. మనోహరాబాద్ నుంచి కరీంనగర్ పక్కనున్న కొత్తపల్లి దాకా వేయాల్సిన లైనుకు 2016 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. 2023 అక్టోబరు 3న సిద్దిపేటకు మొదటి ప్యాసింజర్ రైలు నడిచింది. సికింద్రాబాద్ వైపు నుంచి మేడ్చల్, మనోహరాబాద్, గజ్వేల్ మీదుగా వెళ్తుంది. మహాలక్ష్మి ఇక్కడ చెల్లదు కానీ ఛార్జీ తక్కువే. పిల్లలు కాళ్లు చాపుకుంటారు, బాత్‌రూమ్ ఉంటుంది. చిన్నపిల్లల తల్లులకు, షుగర్ ఉన్న పెద్దవాళ్లకు ఆ ఒక్క సౌకర్యం చాలు. అయితే బస్సుల్లాగా గంట గంటకూ ఉండవు. వేళ తప్పితే ఆ రోజు ప్రయాణం తప్పినట్టే కాబట్టి ముందురోజే వేళలు కనుక్కోండి.

అసలు ప్రయాణం ఇక్కడే

సిద్దిపేటలో దిగారు. ఇప్పుడు మిగిలిన పది పన్నెండు కిలోమీటర్లే అసలైన ప్రయాణం. వంద కిలోమీటర్లు వచ్చినదానికంటే దీనికే ఎక్కువ ఆలోచించాలి.

ఊరి వైపు పల్లెవెలుగు బస్సులున్నాయి. వాటి వేళలు బస్టాండులో విచారణ కిటికీ దగ్గర అడిగితే చెబుతారు. వెళ్లే బస్సుతో పాటు తిరిగొచ్చే ఆఖరి బస్సు ఎప్పుడో అప్పుడే అడిగేయండి. స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లు ఆర్టీసీవారి ‘గమ్యం’ యాప్‌లో బస్సు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు. పల్లె రూట్లలో మాత్రం యాప్‌నొక్కదాన్నే నమ్ముకోకుండా మనిషిని కూడా అడగడం నాకలవాటు. బస్సు లేనప్పుడు ప్యాసింజర్ ఆటో. నలుగురైదుగురు కలిసి వెళ్తే ఆటో మాట్లాడుకోవడమే మేలు. రిజర్వాయర్ కట్ట దాకా తీసుకెళ్లి, గంట గంటన్నర ఆగి, తిరిగి బస్టాండులో దింపేట్టు మొత్తానికి ఒకే రేటు ముందే ఖాయం చేసుకోండి. వెయిటింగుకు వేరే ఎంతని తర్వాత అడిగితే మాట పెరుగుతుంది.

మా పెద్దమ్మకు ఎనభై దాటాయి. ‘గప్పుడు బస్సేడిది బిడ్డా? ఉన్నోళ్లు సవారి కచ్చురం కట్టిచ్చుకోని పోయేటోళ్లు. మేం నడ్సుకుంట పోయేది. సంక పిల్ల, నెత్తి మీద మూట. పొద్దుగాల పోతే మల్ల మాపటికే ఇంటికి’ అంటుంది. ఆమెకు పుట్టిల్లు పక్క మండలమే. అయినా పెళ్లయిన కొత్తలో బతుకమ్మ పండక్కి తప్ప వెళ్లే వీలుండేది కాదట. దూరమెంత అని ఎవరడిగారు? తీసుకుపోయే మనిషి ఉన్నాడా లేడా అన్నదే లెక్క.

ఆమె మనవరాలి సంగతి చూడండి. సిద్దిపేటలో డిగ్రీ చదువుతోంది. ఇంటర్ అయ్యాక సైన్స్ గ్రూపు తీసుకుంటానంటే ఇంట్లో చర్చ ఫీజు గురించి జరగలేదు, మార్కుల గురించీ జరగలేదు. ‘ల్యాబ్ అయ్యేసరికి అయిదు దాటుతది. అప్పుడు బస్సుంటదా?’ – ఇదీ వాళ్ల నాన్న ప్రశ్న. ఆర్ట్స్ అయితే మధ్యాహ్నానికే ఇల్లు చేరుతుందని ఆయన లెక్క. తప్పు పట్టడానికి లేదు, చలికాలంలో ఆరింటికే చీకటి పడే రోడ్డు అది.

అప్పుడు వాళ్లమ్మ ఒక పని చేసింది. మొదటి పదిహేను రోజులూ కూతురితో పాటు తనూ బస్సెక్కింది. పొద్దున వెళ్లి, కాలేజీ బయట చెట్టు కింద కూర్చుని, కూరగాయలు కొనుక్కుని, సాయంత్రం పిల్లతో తిరిగొచ్చింది. ఏ బస్సు ఎప్పుడు వస్తుంది, అందులో మన ఊరివాళ్లు ఎవరెవరుంటారు, బస్సు తప్పితే ఏ ఆటో నమ్మకమైనది... అన్నీ చూసుకుంది. ‘టికెట్టు పెట్టాల్నంటే ఇద్దరికి రోజూ ఏడికెల్లి తెద్దును వదినా? గదే పైసలతోటి నెల కిరాణం వస్తది’ అంది నాతో. పిల్ల సైన్స్‌లోనే చేరింది. ఉచిత టికెట్టు వల్ల బస్సులు కిక్కిరిసిపోతున్నాయని, ఆడవాళ్లు ఊరికే తిరుగుతున్నారని విసుక్కునేవాళ్లు ఈ లెక్కను కూడా కలుపుకోవాలని నా అభిప్రాయం.

అయితే రెండోవైపు కూడా చూడాలి. ఈ దారిలో మేం ఎప్పుడూ ఎక్కే ఆటో అన్న ఒకాయన ఉన్నాడు. మునుపు పొద్దున్నే ఆరేడుగురు ఆడవాళ్లతో బండి నిండి సిద్దిపేట వెళ్లేది. కూలికి వెళ్లేవాళ్లు, దవాఖానకు వెళ్లేవాళ్లు, బీడీల ఆకు తెచ్చుకునేవాళ్లు. మహాలక్ష్మి వచ్చాక వాళ్లంతా బస్సుకు మళ్లారు. ‘అక్కలను ఏమంటం? పైసలు మిగుల్తయంటే నా భార్య కూడా బస్సే ఎక్కుతది’ అంటాడాయన నవ్వుతూనే. ఫైనాన్సు కిస్తీ మాత్రం ఆగదు కదా. 2023 డిసెంబరు నుంచే ఆటోవాళ్లు రాష్ట్రమంతటా ధర్నాలు చేశారు. ఇక్కడ కూడా కొందరు బండ్లు అమ్మేసి వేరే పనుల్లోకి వెళ్లారట.

దీనివల్ల నష్టం ఆటోవాళ్లకే అనుకుంటే పొరపాటు. ల్యాబ్ ఆలస్యమై ఆఖరి బస్సు తప్పిన పిల్లకు మిగిలే దిక్కు ఆ ఆటోనే. పగలంతా బస్సుతో సర్దుకుని, రాత్రి ఎనిమిదింటికి నొప్పులొచ్చిన కోడల్ని ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే బస్సొస్తుందా? పగటి సవారీ లేకపోతే రాత్రికి ఆ బండి ఊళ్లో ఉండదు. అందుకే మా వాళ్లు వారానికి ఒకట్రెండుసార్లయినా, ముఖ్యంగా అంగడి రోజున బరువులుంటే, ఆయన ఆటోనే ఎక్కుతారు. బస్సులో జనం నిలబడి ఉన్నప్పుడు ఎటూ బియ్యం సంచీతో ఎక్కలేం.

మీరు వెళ్లేటప్పుడు

ఆదివారాలు, అందులోనూ సంక్రాంతి నుంచి ఉగాది దాకా, ఈ దారిలో కొమురవెల్లి మల్లన్న జాతర రద్దీ ఉంటుంది. బతుకమ్మ, దసరాకు పుట్టిళ్లకు వెళ్లే ఆడపడుచులతో బస్సుల్లో నిలబడ్డానికి కూడా చోటుండదు. వానలు పడ్డాక మామూలు రోజుల్లో వెళ్తే హాయి. పొద్దున ఏడింటికల్లా జేబీఎస్‌లో ఉండండి. బాత్‌రూమ్ పని సిద్దిపేట బస్టాండులోనే చూసుకుని బయల్దేరడం మంచిది. కట్ట మీద ఎండ సూటిగా కొడుతుంది కాబట్టి గొడుగు, నీళ్ల సీసా, పులిహోర డబ్బా వెంట ఉండాల్సిందే. నీళ్ల అంచుకు పిల్లల్ని ఒంటరిగా పోనీయకండి. ఫొటోల కోసం రాళ్ల మీదికి దిగే పెద్దవాళ్లక్కూడా అదే మాట.

ఒంటరిగా ఆటో ఎక్కాల్సివస్తే బండి నంబరు ఇంట్లోవాళ్లకు చెప్పండి. పోలీసువారి ‘టీ-సేఫ్’ సేవ 2024 మార్చి నుంచి ఉంది. 100కు ఫోన్ చేసి 8 నొక్కితే ప్రయాణం ముగిసేదాకా మీరెక్కడున్నారో గమనిస్తారు. స్మార్ట్‌ఫోన్ లేకపోయినా పనిచేస్తుంది.

తిరుగు ప్రయాణంలో సిద్దిపేటలో గంట సమయం మిగిలితే గొల్లభామ చీర చూడకుండా రాకండి. నెత్తిన చల్లకుండతో నడిచిపోయే గొల్లభామ బొమ్మను మగ్గం మీదే నేస్తారు. దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. చేనేత చీరే కావాలని అడిగి, అంచు వెనక్కి తిప్పి చూసి కొనండి. బేరం మధ్యలో గడియారం వైపు ఓ కన్నేసి ఉంచండి. జేబీఎస్ వెళ్లే ఎక్స్‌ప్రెస్ సాయంత్రం వేళ నిండుగా వస్తుంది. బయట రోడ్డు మీద చెయ్యెత్తే బదులు బస్టాండు లోపలే ఎక్కితే సీటు దొరికే అవకాశం ఎక్కువ.